ప్రాక్టికల్ పరీక్ష రోజున మనం ఏం చూస్తున్నాం?

(నాట్యం, నాటకం, జర్నలిజం బోధించే విశ్వవిద్యాలయ అధ్యాపకుల పునశ్చరణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూచిపూడి నేర్పేవాళ్లు ఉన్నారు, మధ్యలో మా రంగస్థలం వాళ్లు, ఆ కిటికీ పక్కన జర్నలిజం వాళ్లు. మూడు శాఖల వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. మన ముగ్గురిదీ ఒకే బాధ. కెమిస్ట్రీ మాస్టారి దగ్గర జవాబు పత్రం ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే తీసి చూపిస్తారు. మన విద్యార్థి వేదిక దిగిపోయాక మన చేతిలో ఒక అంకె తప్ప ఇంకేమీ మిగలదు.

చాలా ఏళ్ల కిందటి ఒక ప్రాక్టికల్ పరీక్ష గురించి చెప్పి మొదలుపెడతాను. అది మా రిహార్సల్ హాల్లో జరిగింది. ఒక బల్ల, దాని మీద తెల్ల దుప్పటి, బిస్కెట్ ప్లేటు, మార్కుల షీటు. బల్ల వెనక ఎక్స్‌టర్నల్ గారు, అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకులు, పక్కన నేను. అది వాచికం, అంటే మాటతో చేసే అభినయం పేపరు, మొత్తం 25 మార్కులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నిలబడి ఒక పేజీ సంభాషణ చెప్పింది. మూడు నిమిషాల్లో అయిపోయింది. ఎక్స్‌టర్నల్ గారు 11 వేసి, పక్కన ‘ఉచ్చారణ’ అని ఒక్క మాట రాశారు. నేను సంతకం పెట్టాను.

ఫలితాలు వచ్చాక ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. మార్కులు కలపమని అడగలేదు. “మేడమ్, ఉచ్చారణ అంటే నాకు ఏటి తక్కువైంది? ఏటి సెయ్యాలో సెప్తే సేస్తాను” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ మూడు నిమిషాల్లో నేను ఏం విన్నానో కూడా నాకు గుర్తు లేదు. యాస ఉందని మాత్రం గుర్తుంది. “ప్రాక్టీస్ చెయ్యమ్మా” అని పంపించేశాను. ఆ అమ్మాయి మొహంలో కోపం లేదు, అయోమయం ఉంది. ఆ అయోమయానికి కారణం నేనే. ఈ రోజు మీ ముందు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ సాయంత్రం నుంచి పుట్టిందే.

పరీక్ష పెట్టాక విద్యార్థి తరువాత ఏం చెయ్యాలో మనం చెప్పలేకపోతే, మనం ఆ విద్యార్థి నేర్చుకున్నదాన్ని చూడలేదన్నట్టే. ఆ రోజు జరిగిన ప్రదర్శనను చూశాం, అంతే. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మన శాఖల్లో ఇన్ని కన్నీళ్లు.

మీలో చాలామంది ఇప్పుడు న్యాక్ ఫైళ్లతో కుస్తీ పడుతున్నారని తెలుసు. న్యాక్, అంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ, 1994లో వచ్చింది. దాని రెండో ప్రమాణంలో 2.6 అని ఒక అంశం ఉంది, విద్యార్థుల ప్రతిభ, అభ్యసన ఫలితాల గురించి. దాని కోసం కోర్సు ఫలితాలు, ప్రోగ్రామ్ ఫలితాలు అని పట్టికలు గీసి, గళ్లలో 1, 2, 3 వేసి పంపిస్తాం. స్టాఫ్ రూముల్లో ఆ పట్టికల మీద బోలెడంత విసుగు ఉంది. నేను ఆ విసుగుతో ఏకీభవించను. ఆ పట్టిక అడిగే ప్రశ్న చాలా మంచిది: ఈ కోర్సు చదివాక పిల్లలు ఏం చెయ్యగలరు? ఆ ప్రశ్నకు మనం రాసే జవాబులోనే లోపం ఉంది. “విద్యార్థి వాచికాభినయాన్ని అర్థం చేసుకుంటాడు” అని రాస్తాం. అర్థం చేసుకున్నాడని ఎలా తెలుస్తుంది? ఏ కంటికి కనబడుతుంది?

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో అభ్యసన లక్ష్యాలను మెట్లుగా వర్గీకరించింది. 2001లో దాన్ని సవరించినవాళ్లు నామవాచకాలన్నీ తీసేసి క్రియలు పెట్టారు. ‘జ్ఞానం’ ఉన్నచోట ‘గుర్తుంచుకోవడం’ వచ్చింది, పై మెట్టున ‘సృజించడం’ వచ్చింది. మన శాఖలకు ఇంతకన్నా పనికొచ్చే మార్పు ఇంకోటి లేదు. మన పనంతా క్రియలే కదా! అందుకని “అర్థం చేసుకుంటాడు” అన్నదాన్ని కొట్టేసి ఇలా రాద్దాం: “ఇంతకుముందు చూడని పద్యాన్ని ఇస్తే, పది నిమిషాల్లో పదాలు విరుచుకుని, రాగం తియ్యకుండా, వినేవాళ్లకు అర్థం తెలిసేలా చదవగలడు.” ఇది కనబడుతుంది, వినబడుతుంది. చదవలేకపోతే ఎక్కడ ఆగిపోయాడో కూడా తెలుస్తుంది.

ఇదంతా అమెరికా నుంచి వచ్చిన గొడవ, మన కళలకు అంటదు అని ఒక మాట వింటుంటాను. పెద్దవాళ్లే అంటుంటారు. వాళ్లకు నేను భరతుడి నాట్యశాస్త్రం 27వ అధ్యాయం చదవమని చెబుతాను. ఆ అధ్యాయమంతా మూల్యాంకనమే. ప్రదర్శన సిద్ధించిందా లేదా అని ఎలా తేల్చాలి, ఎవరు తేల్చాలి, దేన్ని లెక్కలోకి తీసుకోవాలి అని భరతుడు పూసగుచ్చినట్టు చెప్పాడు.

సిద్ధి రెండు రకాలు అన్నాడు. ఒకటి మానుషి. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుతారు, పెద్దగా నవ్వుతారు, ‘సాధు’ అంటారు, ‘అహో’ అంటారు, కరుణ ఘట్టంలో ‘కష్టం’ అంటారు, ఒళ్లు గగుర్పొడుస్తుంది, లేచి నిలబడతారు, ఉంగరాలూ వస్త్రాలూ విసురుతారు. మన పద్యనాటకాల ‘వన్స్‌మోర్’ కూడా ఇందులోకే వస్తుంది. రెండోది దైవికి. అక్కడ చప్పుడు ఉండదు, కలవరం ఉండదు, ఏ ఉత్పాతమూ ఉండదు, రంగం నిండుగా ఉంటుంది. అంటే హాలు నిండా జనం ఉండి చీమ చిటుక్కుమన్నా వినిపించే నిశ్శబ్దం. దాన్ని దైవికి అన్నాడు. చప్పట్లు ఎక్కువ పడ్డ పిల్లవాడికి మార్కులు ఎక్కువ వేసే అలవాటు నాకూ ఉండేది. ఈ శ్లోకం చదివాక చాలా రోజులు నా పాత మార్కుల షీట్లు గుర్తొచ్చేవి.

అక్కడితో ఆగలేదు. ప్రాశ్నికులు అని ఒక మాట వాడాడు. ఇవాళ్టి మాటలో ఎగ్జామినర్లు. ఎవరెవరిని పిలవాలో చూడండి: యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. విలుకాడు ఎందుకండీ నాటకానికి? దేహ సౌష్ఠవం చూడడానికి. నిలబడ్డ తీరు, బరువు ఏ కాలి మీద ఉంది అన్నది అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చిత్రకారుడు నేపథ్యం చూస్తాడు, అంటే వేషం, రంగులు. ఛందస్సు తెలిసినవాడు వృత్తాలు చూస్తాడు. వ్యాకరణం తెలిసినవాడు పాఠ్యం చూస్తాడు. గాయకుడు స్వరం చూస్తాడు. రాజు దగ్గర పనిచేసేవాడు మర్యాదలు, ఉపచారాలు చూస్తాడు. ఎవరికి తెలిసింది వాళ్లు చూడాలి. మంచి ప్రేక్షకుడికి ఉండాల్సిన లక్షణాలన్నీ వరసగా చెప్పి, ఇవన్నీ ఒక్కరిలో ఉండవని కూడా అన్నాడు. మన యూనివర్సిటీల్లో ఒక్క ఎక్స్‌టర్నల్ వచ్చి మధ్యాహ్నం భోజనం లోపు పాతికమంది ఆంగికం (దేహం), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అన్నిటికీ కలిపి ఒక్క అంకె వేసి బస్సు ఎక్కుతారు.

ఇంకొక్కటి. ప్రదర్శనకు తగిలే దెబ్బలను, ఘాతాలను, భరతుడు విడదీశాడు. గాలి, నిప్పు, వాన లాంటివి దైవం వల్ల వచ్చేవి. గిట్టనివాళ్లు అల్లరి చేసి చెడగొట్టేవి వేరు. నటుడు తన పాఠం మరిచిపోవడం, చెయ్యాల్సిన అభినయం తప్పడం లాంటివి తనవల్ల వచ్చేవి. మన పరీక్ష రోజున కరెంటు పోతుంది. సీడీ ప్లేయరు మొరాయిస్తుంది. పాడే మనిషి రాలేదని తాళం ఇంకెవరో వేస్తారు, కాలం తప్పుతుంది. ఆ తప్పు ఆ పిల్ల ఖాతాలో పడుతుంది. ఒక్క నిమిషం ఆగి, ‘ఇది ఎవరి ఘాతం?’ అని మనలో ఎంతమంది అడుగుతున్నాం? మార్కుల షీటులో దానికి ఒక గడి ఉండాలి. ఫలానా ఆటంకం వచ్చింది, ఆ భాగం మళ్లీ చేయించాం అని రాసుకునే చోటు కావాలి.

తెలుగువాళ్లకు ఇంకో ఉదాహరణ కూడా చేతికందేంత దూరంలో ఉంది. అష్టావధానం. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అవధానిని ప్రశ్నించేవాళ్లు. ఒకరు సమస్య, అంటే పూరించాల్సిన పద్యపాదం ఇస్తారు, ఒకరు దత్తపది, అంటే పద్యంలో తప్పక వాడాల్సిన మాటలు ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి, అంటే వాడకూడని అక్షరాలు చెబుతారు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనల్లా అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే. ఎవరు దేన్ని పరీక్షిస్తున్నారో అవధానికి తెలుసు, పృచ్ఛకుడికి తెలుసు, సభలో వెనక వరస వాళ్లకు కూడా తెలుసు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు వచ్చి “మీ వర్ణన నాకు నచ్చలేదు” అనడు. అది ఆయన పని కాదు. చివర ధారణ. అందరి ముందూ, అన్నీ గుర్తు తెచ్చుకుని అప్పగించడం. పరీక్షలో పారదర్శకత ఎలా ఉండాలో తెలియాలంటే ఒక్క సాయంత్రం అవధానానికి వెళ్లి కూర్చుంటే చాలు.

సరే, ఇక మన గదుల్లోకి వద్దాం.

ఆ ఉద్దానం అమ్మాయి నా గదికి వచ్చి వెళ్లిన తరువాతి సెమిస్టరులో నేను ఒక చిన్న పని చేశాను. జర్నలిజం విద్యార్థి చదివిన నాలుగు నిమిషాల రేడియో వార్తల రికార్డింగ్ ఒకటి తీసుకుని, ముగ్గురు సహాధ్యాపకులకు విడివిడిగా వినిపించి 20కి మార్కులు వెయ్యమన్నాను. 9, 14, 17 వచ్చాయి. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, నిజాయితీపరులే. తరువాత ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఎందుకు వేశారని అడిగాను. 9 వేసిన ఆయన ఒత్తులు విన్నారు. మహాప్రాణాలు సరిగా పలకలేదన్నారు. 17 వేసిన ఆవిడ వార్త రాసిన పద్ధతి విన్నారు. మొదటి వాక్యంలోనే విషయం వచ్చేసింది, ఎక్కడా సాగతీత లేదు అన్నారు. 14 వేసిన ఆయన వేగం, విరామం చూశారు. ఒకే రికార్డింగ్, మూడు పరీక్షలు. ఎవరి చెవి తప్పూ కాదు. కానీ ఆ విద్యార్థి జాతకం ఆ రోజు ఏ చెవి దగ్గర పడితే దాన్ని బట్టి మారిపోతుంది.

ఇంకోసారి వినిపించాను. ఈసారి ముందే నాలుగు వరసలు రాసుకున్నాం: రాసిన వార్త, ఉచ్చారణ, ఊపిరీ విరామం, వాక్యం ముగింపు. ఒక్కో వరసకు విడిగా వెయ్యాలి. ఈసారి ముగ్గురి మొత్తాలూ ఒకదానికొకటి దగ్గరికి వచ్చాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. గంటన్నరసేపు. పదేళ్లు ఒకే కారిడార్‌లో తిరిగి, పిల్లల గొంతు గురించి అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇలా ఏమేం చూడాలో వరసలుగా విడదీసి రాసుకున్న మార్కుల కాగితాన్నే రూబ్రిక్ అంటున్నారు. పేరు చూసి బెదరక్కర్లేదు. అమెరికాలో నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ వాళ్ల ఉపన్యాస మూల్యాంకన పత్రంలో 8 అంశాలున్నాయి. మొదటి 4 విషయం ఎంపికకు, దాని కూర్పుకు, మిగతా 4 భాషకు, గొంతుకు, ఉచ్చారణకు, శరీరానికి. అక్కడి కళాశాలల సంఘం ఒకటి 2009లో తెచ్చిన మౌఖిక వ్యక్తీకరణ రూబ్రిక్‌లో 5 వరసలు, 4 మెట్లు. రెండూ మంచివే. అయితే వాటిని తెచ్చి తెలుగులోకి మార్చి అతికించకండి. వాటిలో మన భాష లేదు.

మన భాష అంటే ఏమిటో చెబుతాను. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. “మంత్రి ఆ ఫైలు మీద సంతకం...” దాకా విన్నారు. చేశారా, చెయ్యలేదా, చేస్తారా? అదంతా ఆ చివరి రెండు మూడు అక్షరాల్లో ఉంది. విద్యార్థి ఊపిరి చాలక ఆ అక్షరాలు మింగేస్తే వార్తే పోయింది. ఇంగ్లీషు రూబ్రిక్‌లో దీనికి వరస ఎందుకు ఉంటుంది? అందుకే మేం ‘వాక్యం ముగింపు’ అని ఒక వరస సొంతంగా పెట్టుకున్నాం. మొదటి మెట్టు: క్రియ మింగేస్తున్నారు, మూడో వరసకు వినబడదు. రెండోది: చిన్న వాక్యాల్లో వినబడుతోంది, పొడుగు వాక్యాల్లో జారిపోతోంది. మూడోది: అన్నిచోట్లా వినబడుతోంది, కానీ ప్రతి వాక్యాన్నీ ఒకే రకంగా దించుతున్నారు. నాలుగోది: ఎక్కడ దించాలో ఎక్కడ నిలపాలో అర్థాన్ని బట్టి మారుతోంది. చూశారా, ఇందులో ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’, ‘అద్భుతం’ లేవు. వినబడేదే రాశాం. ఈ కాగితం విద్యార్థి చేతికి సెమిస్టరు మొదటి వారంలోనే ఇచ్చేస్తాం. ఇందులో దాచుకోవడానికి ఏముంది?

ఆ అమ్మాయి రెండో ఏడాదిలో మళ్లీ నా క్లాసులో కూర్చుంది. ఈ కాగితం పట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఇద్దరం పక్కపక్కన కూర్చుని విన్నాం. ఒక వాక్యం విన్నాక ఆపేదాన్ని. “చివర ఏమన్నావు?” అంటే ఆ అమ్మాయికే వినపడలేదు. పేజీ మీద పెన్సిల్‌తో ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో గీతలు పెట్టాం. వాక్యం సగంలో, విభక్తి ప్రత్యయం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటోంది. చివరికొచ్చేసరికి గాలి ఉండటం లేదు. యాసకూ దీనికీ ఏ సంబంధమూ లేదు! ఏడాది కిందట ‘ఉచ్చారణ’ అని రాసి 11 వేసింది ఊపిరికి. ఊపిరి సంగతి అయితే మూడు వారాల్లో దిద్దుకోవచ్చు. ఆ ఒక్క మాట వల్ల ఆ అమ్మాయి ఏడాదిపాటు తన ఊరి భాష తప్పనుకుని, క్లాసులో నోరు తెరవడమే తగ్గించేసింది.

యాస గురించి ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. స్పష్టత వేరు, యాస వేరు. మార్కుల షీటులో ఈ రెండూ ఒకే గడిలో ఉండకూడదు. వార్తలు చదివేటప్పుడు ప్రామాణిక భాష కావాలంటే, అది ఆ కోర్సు నేర్పే నైపుణ్యం అని ముందే రాసి, నేర్పి, అప్పుడు చూడండి. నేర్పకుండా చూస్తే మనం కొలుస్తున్నది ఆ పిల్ల ఏ జిల్లాలో పుట్టిందన్నది. పాలమూరు, ఆదిలాబాద్, చిత్తూరు, శ్రీకాకుళం, ఎక్కడి పిల్లలైనా ఆ మాటతోనే మన దగ్గరికి వస్తారు. నాటకంలో ఆ మాట వాళ్ల ఆస్తి.

ఇక సభాకంపం. మొదటి ఏడాది విద్యార్థికి కాళ్లు వణుకుతాయి, గొంతు తడారిపోతుంది. జేమ్స్ మెక్రోస్కీ అనే ఆచార్యుడు దీని మీద 24 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశాడు. బృంద చర్చ, సమావేశం, ఇద్దరి మధ్య సంభాషణ, వేదిక ఉపన్యాసం, నాలుగింటికీ ఆరేసి వాక్యాలు. మొత్తం 24 నుంచి 120 మధ్య వస్తుంది. 80 దాటితే టెన్షన్ బాగా ఉన్నట్టు. దీన్ని తెలుగులో వాడుకోవచ్చు. కోర్సు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. అయితే దానికి మార్కులు పెట్టకండి. భయానికి మార్కులు పెడితే పిల్లలు భయం దాచుకోవడం నేర్చుకుంటారు. అది వాళ్లు తమను తాము చూసుకోవడానికి. నేనైతే దాంతో పాటు మొదటి వారంలో ఒక రెండు నిమిషాల వీడియో తీసి పెడతాను. ఫోనుతోనే. ఆఖరి వారంలో అదే పాఠం మళ్లీ. రెండూ పక్కపక్కన పెట్టి విద్యార్థితో కలిసి చూస్తాను. ఎక్కడ బయలుదేరారో తెలియకుండా ఎంత దూరం నడిచారో ఎలా చెబుతాం? ఇంటి నుంచే సంగీతం, నాట్యం నేర్చుకుని వచ్చిన పిల్లకు 22, ఏమీ తెలియకుండా వచ్చి నాలుగు నెలల్లో నిలదొక్కుకున్న పిల్లకు 15. ఈ రెండు అంకెల్లో మన బోధన ఎంతుంది? ఆ వీడియోలు లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

నాట్య శాఖ వాళ్లను ఒకటి అడగాలి. కూచిపూడిలో పళ్లెం మీద నిలబడి చేసే తరంగంలో అమ్మాయి పళ్లెం అంచుల మీదికి ఎక్కగానే హాలంతా చప్పట్లు. పరీక్షలో కూడా అంతే. నేనూ కొట్టాను. కానీ ఆ పిల్ల ఆ ఐటెమ్‌ను రెండేళ్లుగా రోజూ చేస్తోంది. మనకు అక్కడ కనబడుతున్నది జ్ఞాపకం, సాధన. అవి చిన్న విషయాలని అనడం లేదు. కానీ నాట్యం వచ్చిందా అన్నది ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిన ఒక కూచిపూడి అధ్యాపకురాలు పరీక్ష రోజున పావుగంటసేపు ఒక కొత్త జతి, అంటే తాళానికి కట్టిన అడుగుల వరస, నేర్పుతారు, అందరికీ కలిపి. తరువాత ఒక్కొక్కరూ చెయ్యాలి, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. ఎవరు ఎంత త్వరగా పట్టుకున్నారు, తప్పినప్పుడు తాళం వదలకుండా ఎలా కలిశారు అన్నది ఆవిడ చూస్తారు. తప్పడానికి మార్కులు తగ్గించరు. కలిసిన తీరును చూస్తారు. నేను దాన్ని అరువు తెచ్చుకుని నాటకంలో ‘చూడని పేజీ’ పరీక్ష పెట్టాను. జర్నలిజం వాళ్లు చూడని ప్రెస్ నోట్ ఇచ్చి ఇరవై నిమిషాల్లో వార్త రాయించవచ్చు. ఇప్పుడు ఇంటి దగ్గర రాసుకొచ్చే అసైన్‌మెంటు ఎవరు రాశారో, చాట్‌జీపీటీ రాసిందో మనకు తెలియడం లేదు. విలేకరి నోట్‌బుక్ అడగండి. ఎవరితో మాట్లాడారు, ఏ గంటకు, వాళ్లు అన్న మాట ఏమిటి, ఏది రాయకుండా వదిలేశారు, ఎందుకు. నోట్‌బుక్‌లో కొట్టివేతలు చూస్తే నేర్చుకోవడం కనబడుతుంది.

పాత పద్ధతిలో ఇవన్నీ లేవు కదా, గురువుగారు కర్రతో తాళం వేస్తూ కనుసన్నతో దిద్దేవారు కదా అంటారు. నిజమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలకు ఎవరు పరీక్ష పెట్టారు? పసిపిల్లగా ఏదో చిన్న వేషం వేసి, వేదిక పక్క తెర చాటు నుంచి రోజూ పెద్దవాళ్లను చూస్తూ, ఒకరోజు ఎవరికో జ్వరం వస్తే ఆ వేషం కట్టేవాళ్లు. అక్కడ మూల్యాంకనం ప్రతి రాత్రీ జరుగుతుంది, మర్నాడు దిద్దుబాటు అవుతుంది. ఆ పద్ధతిలో గొప్పతనం ఆ దిద్దుబాటులో ఉంది. మనం యూనివర్సిటీకి వచ్చేటప్పుడు గురువు అధికారాన్ని తెచ్చుకున్నాం, రోజువారీ దిద్దుబాటును అక్కడే వదిలేసి వచ్చాం. ఆర్నెల్లకొకసారి అంకె వేస్తాం. దానికి తోడు, ఆ పాత పద్ధతిలో గురువుకు నచ్చని శిష్యుడు ఎవరికి చెప్పుకునేవాడు? ఆ ప్రశ్నను కూడా మరిచిపోకూడదు.

దిద్దుబాటు ఎలా చెయ్యాలో కూడా నేర్చుకోవాలి. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో ఒక పద్ధతి రూపొందించారు. నాలుగు అంచెలు. మొదట చూసినవాళ్లు తమకు ఏది మనసుకు తగిలిందో చెబుతారు. తరువాత కళాకారులు తమ ప్రశ్నలు అడుగుతారు. మూడో అంచెలో చూసినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు, కానీ అందులో తమ అభిప్రాయం దూర్చకూడదు. “ఎందుకంత నెమ్మదిగా చేశావు?” అనకూడదు. “ఆ నడకకు ఆ వేగం ఎలా ఎంచుకున్నావు?” అనాలి. చివరి అంచెలో, “నాకు దుస్తుల గురించి ఒక అభిప్రాయం ఉంది, చెప్పమంటావా?” అని అడిగి, ఒప్పుకుంటేనే చెప్పాలి. మా విద్యార్థులతో మొదటిసారి చేసినప్పుడు ఆ మూడో అంచె దగ్గర అందరూ తడబడ్డారు. నేను అందరికన్నా ఎక్కువ తడబడ్డాను. అభిప్రాయం లేకుండా ప్రశ్న అడగడం ఒక ఉపాధ్యాయురాలికి ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

తెర వెనక ఉన్న పిల్లల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. ఒక నాటకంలో పన్నెండు మంది. ఎనిమిది మంది వేదిక మీద, నలుగురు లైటింగ్, రంగాలంకరణ, మేకప్, ప్రాంప్టింగ్. మార్కులు వేసేటప్పుడు ఈ నలుగురికీ సరాసరి వేసేస్తాం, గొడవ లేకుండా 16, 16, 16, 16. లైటింగ్ చేసిన అబ్బాయి దగ్గర ఎప్పుడు ఏ లైటు మార్చాలో రాసుకున్న ఒక క్యూ షీటు ఉంటుంది. మొదటి రిహార్సల్ నాటి షీటు, చివరి ప్రదర్శన నాటి షీటు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ డైలాగ్ మీద వెలుగు మార్చాడు, తరువాత ఎందుకు అరసెకను వెనక్కి జరిపాడు అని అడగండి. ఆ జవాబులో ఒక సెమిస్టరు చదువు ఉంటుంది. దానికి వైవా, అంటే నోటి పరీక్ష, ఐదు నిమిషాలు చాలు.

టైము ఎక్కడిది మేడమ్ అని మీరు అడగబోతున్నారు. ముప్పై మంది క్లాసులో మనిషికి ఐదు నిమిషాలు అంటే 150 నిమిషాలు. రెండున్నర గంటలు. ఇప్పుడు మనం ప్రాక్టికల్స్‌కు రెండు రోజులు పెడుతున్నాం. అందులో ఆలస్యాలకు, సన్మానాలకు, శాలువాలకు పోయేదే అంతకంటే ఎక్కువ. నేను అన్ని వరసలూ ఒకేసారి చూడమని అనడం లేదు. ఒక్కో నెల ఒక్కో వరస. ఈ నెల ఊపిరి. వచ్చే నెల చూపు. ఆ నెల మిగతావి వదిలెయ్యండి.

కళను కొలుస్తారా అని ఇంకో ప్రశ్న. సాత్త్వికాన్ని కొలిచే గడి నా దగ్గరా లేదు. ఒక పిల్లవాడు మౌనంగా నిలబడితే హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. దానికి ఎన్ని మార్కులు? నేను ఆ రోజు ఏం జరిగిందో ఐదు వాక్యాలు రాసి అతనికి ఇచ్చాను. ఆ వాక్యాలు ఏ ట్రాన్‌స్క్రిప్టులోకీ వెళ్లవు. అవి వెళ్లే చోటు కూడా ఉండాలని నేను కోరుకుంటున్నాను. మార్కుల మెమోతో పాటు ఒక పేజీ, విద్యార్థి గురించి గురువు చేతి రాతతో. 2020 జాతీయ విద్యా విధానం విద్యార్థులు సంపాదించిన క్రెడిట్లను దాచుకోవడానికి బ్యాంకు పెట్టింది. ఆ పేజీలకు కూడా అక్కడ ఒక అర దొరకాలి.

చాలాసేపు మాట్లాడాను. ఇప్పుడు పని చేద్దాం. మీ కుర్చీల మీద ఒక్కో కాగితం ఉంది. వెనక వాళ్లకు అందకపోతే చెయ్యి ఎత్తండి. నేను నాలుగు నిమిషాల క్లిప్ ఒకటి వేస్తున్నాను. ఇందులో ఉన్న విద్యార్థి అనుమతి తీసుకున్నాను, పేరు చెప్పను. మొదటిసారి మార్కు వెయ్యకండి. ఏం విన్నారో, ఏం చూశారో, అది ఎన్నో నిమిషంలో జరిగిందో మాత్రం రాయండి. ‘బాగుంది’ అన్న మాట వస్తే కొట్టేసి, ఆ చోట ఏం కనబడిందో రాయండి. బాబూ, ఆ ఎడమవైపు లైట్లు ఆపుతావా?